బేస్ గిటార్ చేతికి హాయిగా ఉండాలంటే: సెటప్ చేయించాలా, తీగలు మార్చాలా, షార్ట్ స్కేల్ కొనాలా?

బేస్ వాయిస్తుంటే చెయ్యి లాగేస్తోందని చెప్పి చూడండి, తలా ఒక మందు చెబుతారు. యాక్షన్ (నెక్ మీద తీగల ఎత్తు) తగ్గించమని ఒకరు, సన్న తీగలు వేయమని ఒకరు, షార్ట్ స్కేల్ (పలికే తీగ పొడవు తక్కువున్న) బేస్ కొనుక్కోమని ఇంకొకరు. స్ట్రాప్ కాస్త పైకి బిగిస్తే చాలు అనేవాళ్లూ ఉంటారు. చిక్కేమిటంటే వీళ్లలో ఎవరి మాటా తప్పు కాదు. ఎవరికి ఏది పనిచేసిందో వాళ్లు అది చెబుతున్నారు. మీ ఇబ్బంది వాళ్ల ఇబ్బంది ఒకటేనా అన్నది ఎవరూ అడగరు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. కొత్త బేస్ కొనాలన్న ఆలోచన చివరికి పెట్టుకోండి. అలాగే బ్రిడ్జ్ (బాడీ మీద తీగలు బిగించే భాగం) దగ్గర శాడిళ్లు (తీగలు ఆనే చిన్న ముక్కలు) దించడం కూడా మొదటి పని కాదు. అందరూ ముందు చేసేది అదే, ఎందుకంటే అది కళ్లకు కనబడుతుంది, అలెన్ కీ చేతిలో ఉంటుంది. కానీ మొదటి మూడు ఫ్రెట్ల (నెక్ మీది అడ్డ లోహపు కమ్మీల) దగ్గర వేళ్లు అలిసిపోతుంటే దోషం చాలాసార్లు రెండో కొసలో, నట్ (నెక్ తల వైపు తీగలు గాడుల్లో కూర్చునే పట్టీ) దగ్గర ఉంటుంది. అక్కడ చూడకుండా శాడిళ్లు దించుకుంటూ పోతే బజ్ (తీగ ఫ్రెట్‌కు తగిలే గరగర) వస్తుంది గానీ హాయి రాదు.

(ఎడమచేతి వాటం వాళ్లు ఇక్కడి కుడి ఎడమలను తిప్పి చదువుకోండి.)

## ముందుగా తేల్చుకోవలసినవి

అన్నిటికంటే ముఖ్యమైనది, ఇబ్బంది సరిగ్గా ఎక్కడ ఉంది అన్నది. "చెయ్యి నొప్పి" అంటే చాలదు. వేలికొన మండటం, బొటనవేలి మొదలు లాగడం, మణికట్టు వంగిపోవడం, భుజం బరువెక్కడం వేరువేరు సంగతులు. వాటి మందులూ వేరు.

రెండోది, మీరు తీగను ఎంత గట్టిగా మీటుతారు. యాక్షన్ ఎంత తగ్గించవచ్చో నిర్ణయించేది ఎడమచెయ్యి కాదు, కుడిచెయ్యే. గట్టిగా మీటేవాళ్ల తీగ పెద్దగా ఊగుతుంది, ఊగే తీగకు చోటు కావాలి. ఇంకొకరి బేస్‌కు కుదిరిన కొలత మీ బేస్‌కు కుదరకపోవడానికి పెద్ద కారణం ఇదే.

మూడోది, మీకు కావలసిన శబ్దం. స్లాప్ (బొటనవేలితో తీగను కొట్టి పలికించే పద్ధతి) వాయించేవాళ్లకు ఫ్లాట్‌వౌండ్ తీగలు (పైచుట్టు చదునుగా ఉండేవి) ఎంత మెత్తగా ఉన్నా ఉపయోగం తక్కువ.

నాలుగోది, చేసిన మార్పును వెనక్కి తిప్పగలమా అన్నది. స్ట్రాప్, శాడిల్, ట్రస్ రాడ్ (నెక్ వంపును సర్దే లోపలి కడ్డీ) మళ్లీ యథాస్థానానికి వస్తాయి. నట్ గాడిని ఒకసారి అరగదీస్తే రాదు.

| ఇబ్బంది | ముందు చూడవలసింది | అప్పటికీ తగ్గకపోతే |
|---|---|---|
| 1–3 ఫ్రెట్ల దగ్గర గట్టిగా నొక్కాల్సి రావడం | నట్ గాడుల ఎత్తు | సన్న తీగలు |
| 4–10 ఫ్రెట్ల మధ్య బిగువు | నెక్ వంపు, అంటే రిలీఫ్ | యాక్షన్ |
| 12వ ఫ్రెట్ దాటాక మాత్రమే కష్టం | శాడిల్ ఎత్తు | నెక్, బాడీ కలిసే చోటి కోణం |
| వేలికొనల మంట | తీగ పైచుట్టు రకం | కొత్తవాళ్లయితే కొన్ని వారాల ఓపిక |
| చిటికెన వేలు అందకపోవడం | వేళ్ల పద్ధతి, స్ట్రాప్ ఎత్తు | స్కేల్ లెంగ్త్ |
| ఎడమ మణికట్టు నొప్పి | స్ట్రాప్ ఎత్తు, నెక్ పట్టే కోణం | స్కేల్ లెంగ్త్ |
| భుజం, వీపు బరువు | స్ట్రాప్ వెడల్పు, బేస్ బరువు | తేలిక బాడీ ఉన్న బేస్ |
| కుడిచెయ్యి అలసట | యాంప్ వాల్యూమ్, మీటే బలం | తీగల మందం |

వేళ్లు తిమ్మిరెక్కడం, రాత్రుళ్లు కూడా జివ్వుమనడం, పట్టు సడలడం లాంటివి ఉంటే ఈ పట్టికను పక్కన పెట్టి డాక్టరును కలవండి. అది గిటార్ సెటప్‌తో తేలే విషయం కాదు.

## మొదటి దారి: ఉన్న బేస్‌కు సెటప్

సెటప్ అంటే ఒక్క పని కాదు, ఒకదానిమీద ఒకటి ఆధారపడిన నాలుగైదు సర్దుబాట్లు. ఎక్కువమంది గమనించనిది ఏమిటంటే, నెక్‌లో ఒక్కో భాగానికి ఒక్కో సర్దుబాటు యజమాని. తల వైపు నట్, నడిమి భాగానికి ట్రస్ రాడ్, బాడీ వైపు శాడిళ్లు. ఒకరి పని ఇంకొకరితో చేయించబోతేనే బేస్ పాడవుతుంది.

రిలీఫ్. నెక్ పూర్తిగా చదునుగా ఉండకూడదు. తీగ మధ్యలో ఎక్కువ ఊగుతుంది కాబట్టి నెక్ కూడా మధ్యలో రవ్వంత లోపలికి వంగి ఉండాలి. కొలవడం తేలికే. మొదటి ఫ్రెట్ దగ్గర కేపో (తీగలన్నిటినీ ఒకేసారి నొక్కిపట్టే క్లిప్పు) పెట్టి, నెక్ బాడీలో కలిసేచోట ఇ తీగను (అన్నిటికంటే లావుది; జి అన్నిటికంటే సన్నది) నొక్కి పట్టుకుని, 7వ లేదా 8వ ఫ్రెట్ మీద తీగకు కిందనున్న సందు చూడాలి. 0.25 నుంచి 0.35 మి.మీ. ఉంటే చాలా బేస్‌లకు సరిపోతుంది. ఫీలర్ గేజ్ (సన్న సందులు కొలిచే రేకులు) లేకపోతే ఒక విజిటింగ్ కార్డు దూరిస్తే అంచనా దొరుకుతుంది. సందు ఎక్కువైతే ట్రస్ రాడ్‌ను గడియారం దిశలో బిగించాలి, తక్కువైతే వదులు చేయాలి. ఒకసారికి పావు చుట్టు మించకూడదు. తిప్పిన ప్రతిసారీ మళ్లీ ట్యూన్ చేసి, కాసేపు ఆగి కొలవాలి. రాడ్ కదలనని మొండికేస్తే బలం వాడకండి, ఆపేసి తెలిసినవాళ్లకు ఇవ్వండి. పాత తరహా కొన్ని బేస్‌లలో రాడ్ నట్టు నెక్ కింది కొసన ఉంటుంది, దాన్ని తిప్పాలంటే నెక్ ఊడదీయక తప్పదు.

నట్. దీని మీద కాస్త ఎక్కువ చెబుతాను, ఎందుకంటే ఫ్యాక్టరీ నుంచి వచ్చే బేస్‌లలో నట్ గాడులు కావాలనే కొంచెం ఎత్తుగా వదిలేయడం మామూలు. ఎత్తుగా ఉంటే బజ్ రాదు, కాబట్టి ఎవరూ వెనక్కి పంపరు. భారమంతా వాయించేవాళ్ల వేళ్ల మీద పడుతుంది. పరీక్ష ఇలా చేయండి: ఇ తీగ మీద మొదటి ఫ్రెట్ నొక్కి ఎంత బలం పట్టిందో గమనించండి. ఇప్పుడు మొదటి ఫ్రెట్ మీద కేపో బిగించి, రెండో ఫ్రెట్ నొక్కండి. రెండోది గమనించదగ్గంత తేలికైతే దోషం నట్‌దే. ఇంకో చూపు కూడా ఉంది. తీగను రెండో ఫ్రెట్‌కూ మూడో ఫ్రెట్‌కూ మధ్య నొక్కి పట్టి, మొదటి ఫ్రెట్ మీద సందు చూడండి. పలుచని కాగితం మందం ఉంటే బాగున్నట్టు. తీగ ఫ్రెట్‌ను తాకేస్తే గాడి మరీ లోతు, ఖాళీ తీగ మీటినప్పుడు బజ్ వచ్చేది అందుకే. గాడిని లోతు చేయడానికి తీగ మందానికి తగిన ప్రత్యేకమైన ఆకురాళ్లు కావాలి. ఎక్కువ అరిగితే నట్ మార్చడమో గాడి పూడ్చడమో తప్ప దారి లేదు. ఈ ఒక్క పని మాత్రం మొదటిసారి టెక్నీషియన్‌కే వదిలేయమంటాను.

యాక్షన్. 12వ ఫ్రెట్ పైభాగం నుంచి తీగ అడుగు వరకు ఉన్న ఎత్తు. ఇక్కడ మూడు ఎంపికలున్నాయి.

| యాక్షన్ | ఇ తీగ | జి తీగ | లాభం | చెల్లించే మూల్యం |
|---|---|---|---|---|
| తక్కువ | 1.5–2 మి.మీ. | 1.25–1.5 మి.మీ. | వేగం, స్లాప్, తక్కువ బలం | గట్టిగా మీటితే బజ్. ఫ్రెట్లు సమంగా ఉండాలి |
| మధ్యస్థం | 2–2.5 మి.మీ. | 1.5–2 మి.మీ. | ఏ తరహాకైనా సర్దుకుంటుంది | ప్రత్యేకించి ఏమీ లేదు |
| ఎక్కువ | 3 మి.మీ., ఆపైన | 2.5 మి.మీ. దరిదాపు | గట్టిగా మీటినా స్పష్టమైన శబ్దం | ఎడమచేతికి కష్టం |

అమెరికా రికార్డు కంపెనీ మోటౌన్ పాటల వెనకున్న బేస్ వాద్యకారుడు జేమ్స్ జేమర్సన్ మందమైన ఫ్లాట్‌వౌండ్ తీగలతో, చాలా ఎత్తు యాక్షన్‌తో వాయించేవాడు. అంత గొప్ప శబ్దం అలా వచ్చింది కదా అని మీరూ ఎత్తు పెంచుకోనక్కర్లేదు. అలాగే తక్కువ యాక్షనే ఎప్పుడూ హాయి అనుకోకండి. బజ్ వస్తుందేమోనన్న టెన్షన్‌తో కుడిచెయ్యిని బిగబట్టి వాయించడం, తీగ వేలికి దొరక్క కిందకు తవ్వడం కూడా అలసటే. నా ఓటు మధ్యస్థానికి. అక్కడ మొదలుపెట్టి, కొన్ని రోజులు వాయించి, శాడిల్ స్క్రూ కొద్దికొద్దిగా తిప్పుతూ దిగండి. బజ్ ఎక్కడ మొదలైతే అక్కడ ఆగి కాస్త వెనక్కి రండి. యాంప్ లేకుండా వినిపించే కొద్దిపాటి గరగర యాంప్‌లో వినబడకపోతే దాన్ని పట్టించుకోకండి.

బజ్ ఏ ఫ్రెట్ల దగ్గర వస్తోందన్నది కూడా ఒక ఆచూకీయే. మొదటి ఐదు ఫ్రెట్లలో వస్తే రిలీఫ్ తక్కువై ఉంటుంది. పై ఫ్రెట్లలో వస్తే శాడిల్ మరీ కిందకు దిగి ఉంటుంది. ఒక్క ఫ్రెట్ దగ్గరే వస్తే ఆ తర్వాతి ఫ్రెట్ పైకి లేచి ఉండవచ్చు.

ఇంటొనేషన్ (నెక్ అంతటా స్వరం సరిగ్గా పలకడం), పికప్ (తీగ కంపనాన్ని పట్టి యాంప్‌కు పంపే భాగం) ఎత్తు. హాయితో వీటికి నేరుగా సంబంధం తక్కువ, కానీ యాక్షన్ మారిస్తే రెండూ మళ్లీ చూడాలి. 12వ ఫ్రెట్ హార్మోనిక్ (తీగను నొక్కకుండా తాకి పలికించే స్వరం) కంటే అక్కడే నొక్కిన స్వరం పైకి పోతే శాడిల్‌ను వెనక్కి, కిందికి పోతే ముందుకు జరపాలి. పికప్ తీగను తాకనంత కిందికి ఉంటే ప్రస్తుతానికి చాలు.

## రెండో దారి: తీగలు మార్చడం

సెటప్‌కు ముందే ఈ నిర్ణయం తీసుకోవాలి. తీగల లాగుడు మారితే నెక్ వంపు మారుతుంది, వంపు మారితే యాక్షన్ మారుతుంది. పాత తీగలతో సెటప్ చేయించి మర్నాడు కొత్త మందం వేస్తే ఆ పనంతా మళ్లీ మొదటికి వస్తుంది.

34 అంగుళాల బేస్ మీద 45–105 సెట్ వేసి మామూలు ట్యూనింగ్‌లో పెడితే నాలుగు తీగలూ కలిపి నెక్‌ను లాగే బలం 80 కిలోల దరిదాపుల్లో ఉంటుంది. 45, 105 అన్నవి అన్నిటికంటే సన్న, లావు తీగల మందం, అంగుళంలో వెయ్యో వంతుల్లో. అదే రకంలో 40–95 సెట్ వేస్తే లాగుడు సుమారు ఐదో వంతు తగ్గుతుంది. చేతికి ఇది బాగా తెలిసే తేడా.

సన్న తీగలకు ఒక మెలిక ఉంది. లాగుడు తక్కువైన తీగ అదే బలానికి ఇంకా పెద్దగా ఊగుతుంది. కాబట్టి సన్న తీగలు, అతి తక్కువ యాక్షన్, బరువైన కుడిచెయ్యి మూడూ ఒకచోట కుదరవు. రెండు ఎంచుకుని మూడోది వదులుకోవాలి. ఇంకోటి, 105కి కోసిన గాడిలో 95 తీగ కాస్త వదులుగా కూర్చుంటుంది. ఎక్కువసార్లు ఇబ్బంది ఉండదు. తీగ మందం పెంచినప్పుడే చిక్కు, అది గాడిలోకి దిగక పైనే నిలబడి మొదటి ఫ్రెట్లను ఇంకా కష్టం చేస్తుంది.

కొనేముందు ఉచితంగా చూసుకోవచ్చు. బేస్ మొత్తం అర స్వరం కిందికి ట్యూన్ చేయండి. లాగుడు సుమారు 11 శాతం తగ్గుతుంది. దానికే చెయ్యి తేలికపడితే సన్న తీగలు మీకు పనిచేస్తాయి. తేడా ఏమీ అనిపించకపోతే మీ బాధ లాగుడుది కాదు, ఎత్తుదో దూరానిదో.

| రకం | వేలికి | శబ్దం | లాగుడు |
|---|---|---|---|
| రౌండ్‌వౌండ్ (పైచుట్టు గుండ్రని తీగ), స్టీల్ | గరుకు | బాగా ప్రకాశవంతం | మధ్యస్థం |
| రౌండ్‌వౌండ్, నికెల్ | కొంచెం మెత్తని గరుకు | కాస్త వెచ్చన | మధ్యస్థం |
| హాఫ్‌రౌండ్ | సగం నున్నన | రెండింటికీ నడుమ | మధ్యస్థం నుంచి ఎక్కువ |
| ఫ్లాట్‌వౌండ్ | నున్నన | గుండ్రంగా, మొద్దుగా | సాధారణంగా ఎక్కువ |
| నైలాన్ టేప్‌వౌండ్ | చాలా నున్నన | మెత్తన, చెక్క బేస్‌కు దగ్గర | చాలా సెట్లలో తక్కువ |

ఈ పట్టికలో జనం బోల్తాపడేది ఫ్లాట్‌వౌండ్ దగ్గర. నున్నగా ఉంటుంది కాబట్టి తేలిగ్గా ఉంటుందనుకుంటారు. వేలికొనకు అవి చల్లనే, కానీ అదే మందం రౌండ్‌వౌండ్ కంటే బిగువుగా ఉండేవే ఎక్కువ. వేలికొన మండేవాళ్లకు మంచివి, బొటనవేలు లాగేవాళ్లకు కావు. తక్కువ టెన్షన్ (అంటే తక్కువ లాగుడు) అని ప్రత్యేకంగా చేసిన ఫ్లాట్‌వౌండ్ సెట్లూ దొరుకుతాయి, రెండు బాధలూ ఉంటే అవి వెతకండి. నైలాన్ టేప్‌వౌండ్ మీద నాకు ప్రేమ ఎక్కువ, చేతికి అంత దయగల తీగ ఇంకోటి లేదు. కాకపోతే పైచుట్టు వల్ల లావుగా ఉంటాయి, నట్ గాడిలో పడతాయో లేదో చూసుకోవాలి.

## మూడో దారి: స్కేల్ లెంగ్త్ మార్చడం

1951లో ఫెండర్ కంపెనీ ప్రెసిషన్ బేస్ 34 అంగుళాల స్కేల్‌తో వచ్చింది, ఆ తర్వాత లోకమంతా అదే కొలతకు అలవాటుపడింది. అది మనిషి చేతికి కొలిచి పెట్టిన నియమం కాదు. బీటిల్స్ బృందపు పాల్ మెకార్ట్నీ వాయించిన హాఫ్‌నర్ 500/1ది 30 అంగుళాలు. 1966లో ఫెండర్ తెచ్చిన మస్టాంగ్ బేస్‌దీ 30. కాబట్టి షార్ట్ స్కేల్ పిల్లల వాయిద్యం అనే మాట వినబడితే నవ్వి ఊరుకోవచ్చు.

దూరాలు ఎంత మారతాయో చూడండి.

| స్కేల్ | నట్ నుంచి 1వ ఫ్రెట్‌కు | నట్ నుంచి 4వ ఫ్రెట్‌కు |
|---|---|---|
| 30 అంగుళాలు | 42.8 మి.మీ. | 157 మి.మీ. |
| 32 అంగుళాలు | 45.6 మి.మీ. | 168 మి.మీ. |
| 34 అంగుళాలు | 48.5 మి.మీ. | 178 మి.మీ. |
| 35 అంగుళాలు | 49.9 మి.మీ. | 183 మి.మీ. |

30కీ 34కీ మధ్య నాలుగు ఫ్రెట్ల మీద రెండు సెంటీమీటర్ల పైచిలుకు తేడా. చిటికెన వేలికి అది చిన్నదేం కాదు. ఎడమ మోచెయ్యి కూడా ఒంటికి దగ్గరకు వస్తుంది, భుజానికి అదో ఊరట.

లాగుడు సంగతికొస్తే, ఒకే తీగను 34 బదులు 30 అంగుళాల మీద అదే స్వరానికి ట్యూన్ చేస్తే లాగుడు సుమారు 22 శాతం తగ్గుతుంది. కానీ అంత వదులైన ఇ తీగ తేలిపోతుంది కాబట్టి షార్ట్ స్కేల్ మీద చాలామంది మందమైన సెట్లు వేస్తారు. దాంతో మిగిలిన లాభంలో కొంత పోతుంది. 34 మీద 40–95 వేస్తే తగ్గేదీ దాదాపు ఇంతే కదా. అందుకే నా లెక్క ఇది: బాధ లాగుడుదైతే తీగలు మార్చండి, అందని దూరానిదైతేనే స్కేల్ మార్చండి.

షార్ట్ స్కేల్ శబ్దం గుండ్రంగా, మందంగా ఉంటుంది. ఇ తీగ మీద 34లో ఉండే గట్టిదనం కొంత తగ్గుతుంది. కొందరికి అది లోపం, కొందరు దానికోసమే కొంటారు. తీగలు కొనేటప్పుడు షార్ట్ స్కేల్‌వి అడిగి తీసుకోవాలి. పొడవు తీగలు వేస్తే లావు భాగం ట్యూనింగ్ పెగ్ మీద చుట్టుకుని, ముఖ్యంగా ఫ్లాట్‌వౌండ్‌లు, విరిగే ప్రమాదం ఉంది.

డబ్బు పెట్టకుండా షార్ట్ స్కేల్ రుచి చూసే ఉపాయం ఒకటుంది. మీ 34 అంగుళాల బేస్‌ను మొత్తం ఒక పూర్తి స్వరం కిందికి, అంటే ఇ తీగను డికి, ఎ తీగను జికి, అలా దించండి. రెండో ఫ్రెట్ మీద బేస్ నెక్‌కు సరిపడే కేపో బిగించండి. ఇప్పుడు తీగలు మళ్లీ ఇ, ఎ, డి, జి పలుకుతాయి. కేపో నుంచి బ్రిడ్జ్ వరకు పొడవు సుమారు 30.3 అంగుళాలు, లాగుడు మామూలు కంటే 20 శాతం చిల్లర తక్కువ. ఫ్రెట్ల ఎడం అచ్చంగా షార్ట్ స్కేల్‌దే. అర స్వరం దించి మొదటి ఫ్రెట్ మీద కేపో పెడితే 32 అంగుళాల మీడియం స్కేల్ అవుతుంది. ఒక వారం ఇలా వాయించి చూడండి. అప్పుడు కూడా చెయ్యి అలాగే లాగుతుంటే షార్ట్ స్కేల్ కొన్నా లాగుతుంది.

నెక్ సన్నదనం వేరు, స్కేల్ వేరు. 34 అంగుళాల స్కేల్ ఉన్న ఫెండర్ జాజ్ బేస్ మోడల్‌కు నట్ దగ్గర వెడల్పు 38 మి.మీ. ప్రెసిషన్ బేస్‌లలో సాధారణంగా 41 నుంచి 44 మి.మీ. వరకు ఉంటుంది. అరచెయ్యి చుట్టూ పట్టు కుదరనివాళ్లకు పొడవు తగ్గించడం కంటే ఈ మూడు నుంచి ఆరు మిల్లీమీటర్లే ఎక్కువ మేలు చేయవచ్చు.

## నాలుగో దారి: స్ట్రాప్, భంగిమ, వాల్యూమ్

ఖర్చు లేని దారి కాబట్టి ఎవరూ గౌరవించరు.

కూర్చుని వాయించేటప్పుడు బేస్ ఏ ఎత్తులో ఉంటుందో నిలబడ్డప్పుడూ దాదాపు అదే ఎత్తులో ఉండేలా స్ట్రాప్ బిగించండి, నెక్ తల కాస్త పైకి చూడనివ్వండి. స్ట్రాప్ బాగా కిందికి ఉంటే మొదటి ఫ్రెట్లు అందుకోవడానికి ఎడమ మణికట్టు మడతపడుతుంది. మరీ పైకి ఉంటే ఆ మడత కుడి మణికట్టుకు బదిలీ అవుతుంది. రెండు మణికట్లూ దాదాపు నిటారుగా ఉండే ఎత్తు వెతుక్కోవాలి. వేదిక మీద ఎలా కనబడతామన్నది దీని తర్వాతి ప్రశ్న.

చాలా బేస్‌లు 3.5 నుంచి 4.5 కిలోల మధ్య తూగుతాయి. సన్నని స్ట్రాప్ ఆ బరువంతా భుజం మీద ఒక గీతలో దింపుతుంది. 8–10 సెంటీమీటర్ల వెడల్పున్నది దాన్ని పంచుతుంది. నిలబడి ఎడమచెయ్యి వదిలేయండి. నెక్ కిందికి వాలిపోతుంటే మీ ఎడమచెయ్యి స్వరాలు నొక్కడంతో పాటు నెక్‌ను మోస్తోంది కూడా. లోపలి వైపు గరుకు తోలు ఉన్న వెడల్పు స్ట్రాప్ దీన్ని చాలావరకు ఆపుతుంది.

బొటనవేలు నెక్ వెనక నుంచి పూర్తిగా ఎత్తేసి ఒక స్వరం వాయించి చూడండి. చెయ్యి బరువుతోనే స్వరం స్పష్టంగా పలికితే, ఇన్నాళ్లూ అనవసరంగా నొక్కిపెడుతున్నారన్నమాట. వేలు ఫ్రెట్‌కు ఆనుకుని వెనకే పడితే తక్కువ బలం చాలు. రెండు ఫ్రెట్ల నడిమధ్య పడితే ఎక్కువ కావాలి.

మొదటి ఫ్రెట్ల దగ్గర వేలికో ఫ్రెట్ పద్ధతి అందరి చేతికీ నప్పదు. చెక్క డబుల్ బేస్ వాళ్లు చేసేటట్టు చూపుడువేలు, నడిమివేలు, చిటికెన వేలు మాత్రమే వాడి మూడు ఫ్రెట్లు కమ్ముకోవచ్చు, ఉంగరం వేలు చిటికెనకు దన్నుగా నిలుస్తుంది. ఐదో ఫ్రెట్ దాటాక వేలికో ఫ్రెట్‌కు మారిపోవచ్చు. దూరం బాధ సగం ఇక్కడే తీరినవాళ్లు చాలామంది ఉంటారు.

ఇక యాంప్. వాల్యూమ్ పెంచి తేలిగ్గా మీటండి. కుడిచెయ్యి తేలికైతే యాక్షన్ తగ్గించగలరు, యాక్షన్ తగ్గితే ఎడమచెయ్యి తేలికపడుతుంది. ఇంట్లో శబ్దం కుదరకపోతే హెడ్‌ఫోన్. యాంప్ లేకుండా గంటలకొద్దీ సాధన చేసేవాళ్లు వినబడటం కోసం తెలియకుండానే గట్టిగా కొట్టడం నేర్చుకుంటారు.

## సొంతంగానా, టెక్నీషియన్ దగ్గరా?

శాడిల్ ఎత్తు, ఇంటొనేషన్ ఎవరైనా చేసుకోవచ్చు. సరైన కొలత అలెన్ కీ, ట్యూనర్, ఒక చిన్న స్టీల్ స్కేలు ఉంటే చాలు. రిలీఫ్ కూడా, పావు చుట్టు నియమం పాటించే ఓపిక ఉంటే. నట్, ఫ్రెట్ల లెవెలింగ్ (వాటి ఎత్తు సమం చేయడం) మాత్రం అలవాటున్న చేతులకు. నేనైతే మొదటి సెటప్ మంచి టెక్నీషియన్‌తో చేయించి, తెచ్చుకున్న రోజే రిలీఫ్, యాక్షన్ కొలిచి ఒక కాగితం మీద రాసిపెట్టుకోమంటాను. గాలిలో తేమ మారినప్పుడు చెక్క కదులుతుంది, నెక్ వంపు మారుతుంది. ఆ కాగితం ఉంటే మళ్లీ అదే స్థితికి సొంతంగా తెచ్చుకోవచ్చు. టెక్నీషియన్‌కు ఇచ్చేటప్పుడు "యాక్షన్ తగ్గించండి" అని వదిలేయకుండా ఎదురుగా రెండు నిమిషాలు మీ మామూలు బలంతో వాయించి చూపించండి. ఆయనకు కావలసిన కొలత అదే.

## ఎవరికి ఏది

కొత్తగా నేర్చుకునేవాళ్లకు: నట్ పరీక్ష చేయండి, మధ్యస్థ యాక్షన్ పెట్టించండి, 40–95 లేదా 40–100 నికెల్ రౌండ్‌వౌండ్ వేయండి. వేలికొనల మంట కొన్ని వారాల్లో తగ్గుతుంది. కీళ్ల నొప్పి మాత్రం ఓపిక పడితే తగ్గేది కాదు, అది వస్తే ఆగి కారణం వెతకండి.

చిన్న చేతులవాళ్లకు: వేళ్ల పద్ధతి మార్చి, కేపో ప్రయోగం చేయండి. తేడా నిజంగా తెలిస్తే షార్ట్ స్కేల్ కొనండి, మొహమాటం వద్దు. ఒకవేళ 34 వాయించే బృందంలోనో తరగతిలోనో ఉండి మార్చలేకపోతే సన్న నెక్ ఉన్న బేస్ చూడండి.

స్లాప్ వాయించేవాళ్లకు: తక్కువ యాక్షన్, రౌండ్‌వౌండ్, సమంగా ఉన్న ఫ్రెట్లు. ఇక్కడ డబ్బు పెట్టాల్సింది ఫ్రెట్ లెవెలింగ్ మీద.

గట్టిగా మీటే అలవాటున్నవాళ్లకు: రెండు దారులు. అలవాటు మార్చుకోగలిగితే అన్నీ తేలికవుతాయి. మార్చుకోవడం ఇష్టం లేకపోతే సన్న తీగల జోలికి పోకండి, 45–105 ఉంచి యాక్షన్ 2.5 మి.మీ. దగ్గర ఆపండి. నట్, రిలీఫ్ సరిగ్గా ఉంటే ఆ ఎత్తు కూడా అంత కష్టమనిపించదు.

కీళ్ల నొప్పులున్నవాళ్లకు, పెద్ద వయసువాళ్లకు: అన్ని దారులూ కలిపి వాడవలసింది మీరే. తేలికైన షార్ట్ స్కేల్, దాని మీద నైలాన్ టేప్‌వౌండ్ లేదా తక్కువ టెన్షన్ ఫ్లాట్‌వౌండ్, తక్కువ యాక్షన్, కూర్చుని వాయించడం. శబ్దంలో కొంత మెరుపు పోతుంది. వారానికి రెండు గంటలు వాయించగలగడానికి ఆ బేరం బాగుందనే అంటాను.

గంటల తరబడి నిలబడి వాయించేవాళ్లకు: ముందు స్ట్రాప్, తర్వాత బరువు. నాలుగున్నర కిలోల బేస్‌కు ఎంత మంచి సెటప్ చేసినా మూడో గంటలో వీపే మాట్లాడుతుంది.

ఐదు తీగలవాళ్లకు: బి తీగ లావు, నెక్ వెడల్పు, చాలా మోడళ్లలో 35 అంగుళాల స్కేల్, మూడూ చేతికి వ్యతిరేకమే. ఆ పొడవు ఊరికే పెట్టలేదు, బి తీగ బిగువుగా పలకడానికి పెట్టారు, కాబట్టి దాన్ని తగ్గించి బి బాగా పలకాలంటే కష్టం. బి తీగ నిజంగా ఎంత వాడుతున్నారో చూసుకోండి. మీ పాటల్లో కింది డి వరకే పని ఉంటే, నాలుగు తీగల బేస్ మీద ఇ తీగను డికి దించి వాయించవచ్చు, ఆ ఒక్క తీగ లాగుడు కూడా ఐదో వంతు తగ్గుతుంది. అంతకంటే కిందికి పోయే పాటలు జాబితాలో మూడో నాలుగో ఉంటే వాటిని పై ఆక్టేవ్‌లో వాయించి విని చూడండి, ఐదో తీగ సంగతి ఆ తర్వాత నిర్ణయించవచ్చు.